మహిమకు సాక్ష్యం ఏది? అబ్బలూరు శాసనం, బసవపురాణాలలో ఏకాంత రామయ్య కథ – ఒక పరిశీలన

1. ప్రస్తావన

పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో మహిమ లేని భక్తుని కథ అరుదు. సిరియాళుడు చంపి వండించిన కొడుకు పిలవగానే తిరిగి వస్తాడు. ఏకాంత రామయ్య తన తలను తానే నరుక్కొని మళ్లీ పొందుతాడు. ఈ కథల కవిత్వం గురించి, దేశి ఛందస్సు గురించి, వాటి వెనుక ఉన్న సామాజిక దృక్పథం గురించి మన సాహిత్య విమర్శ ఎంతో చెప్పింది. కాని మహిమ జరిగిందన్న వార్తను వార్తగా తీసుకొని, దానికున్న ఆధారం బరువెంత అని అడిగిన సందర్భాలు తక్కువ. భక్తితో చదివేవారికి ఆ ప్రశ్న అపచారంగా తోస్తుంది. చరిత్ర దృష్టితో చదివేవారు 'అతిశయోక్తి', 'ప్రతీక' అనే మాటలతో దాన్ని దాటిపోతారు. వీరిద్దరూ ఒక చోట కలుస్తారు. ఈ మాట మొదట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ ప్రయోజనం కోసం చెప్పారు అన్న విచారణ ఇద్దరికీ అక్కరలేకుండా పోయింది.

వీటికి తోడు మరొక అలవాటు ఉంది. పురాణంలోని కథకు సమాంతరంగా ఒక శాసనం దొరికితే 'ఈ కథకు శాసనాధారం ఉంది' అని ఒక వాక్యం రాసి ఊరుకోవడం. రాతి మీద చెక్కినది తాటాకు మీద రాసినదానికంటే నమ్మదగినదన్న భావన దీనికి మూలం. కాలనిర్ణయం, రాజవంశ క్రమం, దాన వివరాలు వంటి విషయాలలో ఆ భావన చాలావరకు సరైనదే. మహిమల విషయంలో అది ఎంతవరకు నిలుస్తుందన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. అందుకు ఏకాంత రామయ్య కథను మించిన ఉదాహరణ మనకు దొరకదు. ఒక మధ్యయుగ భక్తుని మహిమను అతని తరం ముగిసీ ముగియకముందే రాతి మీద నమోదు చేసిన సందర్భం అది.

శాసనంలోని వాక్యాలన్నింటికీ ఒకే సాక్ష్యబలం ఉండదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. చెప్పినవానికి ఆ విషయం తెలిసే అవకాశం ఎంత, దాన్ని అలా చెప్పడంలో అతనికున్న ప్రయోజనం ఎంత అన్న రెండింటినీ బట్టి ప్రతి వాక్యాన్నీ విడిగా తూచాలి. అలా తూచినప్పుడు అబ్బలూరు శాసనం మహిమకు సాక్షిగా నిలవదు. ఆ మహిమ ఏ పనికి ఉపయోగపడిందో చెప్పే సాక్షిగా మాత్రం గట్టిగా నిలుస్తుంది.

2. శాసనం చెప్పే కథ

అబ్బలూరు నేటి కర్ణాటకలోని హావేరి జిల్లాలో ఉంది. అక్కడి సోమేశ్వరాలయంలోని కన్నడ శాసనాన్ని జె.ఎఫ్. ఫ్లీట్ 'ఎపిగ్రాఫియా ఇండికా' ఐదవ సంపుటంలో (1898-99) అదే గ్రామంలోని ఇతర శాసనాలతో కలిపి పరిష్కరించి ప్రకటించాడు. శాసనంలో రచనాకాలం ప్రత్యేకంగా లేదు. చివరి దాత అయిన హానుగల్లు కదంబ కామదేవుని కాలాన్ని బట్టి దాన్ని క్రీ.శ. 1200 ప్రాంతానిదిగా ఫ్లీట్ నిర్ణయించాడు.

శాసన కథాక్రమం ఇది. కుంతల దేశంలోని అలందెలో పురుషోత్తమభట్టు, పద్మాంబిక అనే శైవ బ్రాహ్మణ దంపతులకు రాముడు పుట్టాడు. శివుని ఏకాంత భక్తితో కొలిచినందువల్ల ఏకాంతద రామయ్య అయ్యాడు. పులిగెరెలోని సోమనాథుని ఆజ్ఞపై అబ్బలూరు వచ్చి బ్రహ్మేశ్వరాలయంలో నిలిచాడు. ఊరి పెద్ద శంకగావుండతో కూడిన జైనులకూ రామయ్యకూ ఎవరి దేవుడు గొప్ప అన్న వివాదం పుట్టింది. తల నరుక్కొని శివుని దయతో తిరిగి పొందుతానని రామయ్య పందెం కాశాడు. అలా జరిగితే తమ జినబింబాన్ని తొలగిస్తామని జైనులు తాటాకు మీద రాసి ఇచ్చారు. రామయ్య తల నరుక్కున్నాడు. ఏడు రోజుల తర్వాత మచ్చయినా లేకుండా ఆ తల తిరిగి అతుక్కుంది. జైనులు మాట నిలుపుకోలేదు. అప్పుడు రామయ్య వారి కావలివారిని చెదరగొట్టి జినబింబాన్ని పడగొట్టాడు.

జైనులు కలచూరి బిజ్జలుని దగ్గరకు వెళ్లి మొరపెట్టుకున్నారు. బిజ్జలుడు రామయ్యను పిలిపించి అడిగాడు. రామయ్య తాటాకు పత్రాన్ని చూపి, పులిగెరెలోని ఆనెసెజ్జెయ బసదితో సహా తమ బసదులను జైనులు పందెంగా ఒడ్డితే అదే పని మళ్లీ చేసి చూపుతానన్నాడు. రాజుకు ఆ వింత చూడాలనిపించింది. జైనులు మాత్రం తాము జరిగిన విధ్వంసం గురించి చెప్పుకోవడానికి వచ్చామని, మళ్లీ పందెం కాయడానికి రాలేదని అన్నారు. బిజ్జలుడు నవ్వి, వారిని శాంతంగా బతకమని చెప్పి పంపించి, నిండు సభలో రామయ్యకు జయపత్రం ఇచ్చాడు. రామయ్య అబ్బలూరులో కట్టిన వీరసోమనాథాలయానికి గోగావె గ్రామాన్ని దానం చేశాడు. తరువాత చాళుక్య నాల్గవ సోమేశ్వరుడు, అతని సేనాని బ్రహ్మ కొలువులో శివభక్తుల కథలు ముచ్చటించుకుంటూ రామయ్య మాట విని, అతన్ని పిలిపించి, కాళ్లు కడిగి, అబ్బలూరునే ఆ దేవునికి ఇచ్చారు. ఆ తరువాత కామదేవుడు కూడా వచ్చి మరొక గ్రామాన్ని దానం చేశాడు. ఆలయంలో ఈ ఘట్టాన్ని చూపే శిల్పం, దాని సంగతి తెలిపే చిన్న శాసనం కూడా ఉన్నాయి.

3. తూచే ప్రమాణాలు

మహిమల వార్తలను తూచే విషయంలో ఎక్కువగా ఉదాహరించేది డేవిడ్ హ్యూమ్ 1748లో ప్రకటించిన వాదం. ఒక అద్భుతాన్ని నమ్మాలంటే, దాన్ని చెప్పిన సాక్ష్యం అబద్ధం కావడం ఆ అద్భుతంకంటే పెద్ద వింత కావాలి అన్నది దాని సారం. ఈ సూత్రం ఉపయోగకరమైనదే. కాని దానితో విచారణ నమ్మాలా, వద్దా అన్న దగ్గరే ఆగిపోతుంది. నమ్మనక్కరలేదని తేలిన తర్వాత ఆ రాతిని ఏం చేయాలో అది చెప్పదు. పైగా పన్నెండో శతాబ్ది దక్కనును పద్దెనిమిదో శతాబ్ది స్కాట్లండు గజంతో కొలుస్తున్నామన్న అభ్యంతరం ఎదురవుతుంది. కాబట్టి ఆ కాలపు దక్కనులో చెలామణిలో ఉన్న ప్రమాణాలతోనే తూచడం న్యాయం. అవి మనకు రెండు చోట్ల దొరుకుతాయి.

మొదటిది తర్క మీమాంసా శాస్త్రాల శబ్దప్రమాణ విచారణ. న్యాయశాస్త్రం ఆప్తుని ఉపదేశాన్ని ప్రమాణంగా అంగీకరించింది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పగోరేవాడే ఆప్తుడని వాత్స్యాయనుడు వివరించాడు. ఋషి అయినా మ్లేచ్ఛుడైనా లక్షణం ఒకటే అన్నాడు. అంటే మాట విలువ చెప్పేవాని పవిత్రతను బట్టి గాక, అతని ఎరుకను, చిత్తశుద్ధిని బట్టి ఏర్పడుతుంది. కుమారిలభట్టు ప్రభృతి మీమాంసకులు జ్ఞానాన్ని స్వతఃప్రమాణంగా తీసుకున్నా, దాన్ని కొట్టివేసే రెండు కారణాలను చెప్పారు. దానికి విరుద్ధమైన గట్టి జ్ఞానం కలగడం ఒకటి, ఆ జ్ఞానం పుట్టిన కారణంలోనే దోషం కనిపించడం రెండవది. ఒకటి బాధక జ్ఞానం, రెండోది కారణదోషం.

రెండవది ధర్మశాస్త్రాల వ్యవహారకాండ. యాజ్ఞవల్క్య స్మృతి వివాద నిర్ణయానికి లిఖితం, భుక్తి, సాక్షి అనే మూడు ప్రమాణాలను చెప్పి, అవి లేనప్పుడే దివ్యాన్ని అనుమతించింది. దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర కల్యాణ చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలపు రచన. రామయ్య వివాదం తరువాత నడిచినది అదే రాజ్య భూభాగంలో. పదమూడో శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాబట్టి సాక్ష్యాన్ని తూచే ఈ పద్ధతి కన్నడ, తెలుగు నేలల రెండింటికీ పరిచితమైనదే. సాక్షిగా పనికిరానివారి జాబితాలో యాజ్ఞవల్క్యుడు అర్థసంబంధిని, అంటే వివాదపు సొమ్ములో లాభం ఉన్నవాణ్ణి చేర్చాడు. శత్రువును చేర్చాడు. ఆప్తుణ్ణీ చేర్చాడు. ఈ ఆప్తునికి మితాక్షర స్నేహితుడని అర్థం చెప్పింది.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. ఆప్తుడు అన్న ఒకే మాట తర్కశాస్త్రంలో నమ్మదగినవానికి, వ్యవహారశాస్త్రంలో నమ్మరాని సాక్షికి పేరైంది. మొదటి ఆప్తుడు విషయానికి దగ్గరివాడు, రెండో ఆప్తుడు మనిషికి దగ్గరివాడు. మహిమల వార్తలలో చిక్కంతా ఇక్కడే ఉంది. విషయానికి దగ్గరగా ఉండి చూడగలిగినవారు సాధారణంగా ఆ మహాత్మునికి దగ్గరివారే. మొదటి అర్థంలో ఆప్తులుగా మనం నమ్మేవారు రెండో అర్థంలో ఆప్తులై సాక్ష్యానికి అనర్హులవుతున్నారేమో చూడడమే పరిశోధకుని పని.

4. శాసనం మీద విచారణ

శాసనానికున్న మొదటి బలం కాలసామీప్యం. బిజ్జలుని పాలన 1167-68 ప్రాంతంలో ముగిసింది. శాసనం 1200 ప్రాంతానిది. అంటే చెప్పిన సంఘటనకూ రాతికీ మధ్య మూడున్నర దశాబ్దాలో, అంతకు కొంచెం ఎక్కువో దూరం. పురాణాల కాలమానంతో చూస్తే ఇది చాలా తక్కువ. కాని ఈ సామీప్యం ఎవరితో అన్నది అడగాలి. నాల్గవ సోమేశ్వరుడు కాళ్లు కడిగే నాటికి రామయ్య జీవించే ఉన్నాడు. ఆలయం అతను కట్టినదే. దానాలన్నీ అతని దేవునికి అందినవే. కాబట్టి కథ ఆ ఆలయం లోపలినుండే, రామయ్య నుండో అతని వారి నుండో శాసనకర్తకు అందిందని భావించడం సహజం. కాలంలో దగ్గరితనం ఇక్కడ మనిషితో దగ్గరితనంగా మారింది. అర్థసంబంధి అన్న ఆక్షేపణ శాసనానికి పూర్తిగా వర్తిస్తుంది.

రెండవది రాజు పాత్ర. పైపై చదువుకు బిజ్జలుడు మహిమను ధ్రువీకరించినట్లు కనిపిస్తుంది. జయపత్రం రాజముద్ర లాంటిది కదా అనిపిస్తుంది. శాసన వాక్యక్రమాన్ని జాగ్రత్తగా చూస్తే అలా లేదు. తల తెగి అతుక్కోవడం అబ్బలూరులో జరిగిందని శాసనం చెబుతుంది. ఆ సమయంలో రాజు అక్కడ లేడు. రాజు ఎదుట జరిగింది సవాలు, దానికి ప్రతిపక్షం నిరాకరణ. అతను చూడాలనుకున్నాడు గాని చూడలేదు. జయపత్రం ఆధారపడింది పందెం నిరాకరణ మీద. వాదానికి రానివాడు ఓడినట్లేనన్నది వ్యవహార న్యాయం కావచ్చు. కాని ఓడినవాని మౌనం నుండి ఏడు రోజుల నాటి మహిమకు సాక్ష్యం పుట్టదు. రెండు పక్షాలకూ చెందని ఒకే ఒక్క వ్యక్తి మహిమను చూడలేదని మహిమను కీర్తించే శాసనమే చెబుతోంది. దాని మీద అనుమానించదగిన కథనమంతటిలో ఇది నమ్మదగిన అంశం. రాజు కళ్లారా చూశాడని కల్పించడం శాసనకర్తకు సులువు, లాభకరం. అయినా అలా చేయలేదు. చూడని సంగతి అప్పటికి నలుగురికీ తెలిసి ఉండాలి.

మూడవది జైనుల మొర. వారు తమ బింబం పడిపోయిందని చెప్పుకున్నారు. తల గురించి శాసనం వారి చేత ఏమీ అనిపించదు. 'మేము చూశాం, నిజమే' అని గాని, 'అది మోసం' అని గాని అనలేదు. రాసి ఇచ్చామని చెప్పే పత్రం ఒక్కటే వారికీ ఆ మహిమకూ ఉన్న సంబంధం. ఆ పత్రం కూడా పందెం షరతును చెప్పగలదు గాని పందెం నెగ్గినట్లు చెప్పలేదు. లిఖిత ప్రమాణం ముందే రాసినది. మహిమ తరువాతది. వ్యవహారశాస్త్రం ప్రకారం చూసినా ఈ రెంటి మధ్య సాక్షి ఉండవలసిన స్థానం ఖాళీగా ఉంది.

నాల్గవది శాసన ప్రయోజనం. ఇది దానశాసనం. గోగావె, అబ్బలూరు మొదలైన గ్రామాల మీద ఆలయానికున్న హక్కును నిలపడం దీని పని. దానం ఎవరు, ఎవరికి, ఏ కారణంగా ఇచ్చారన్నది చెప్పాలి. ఆ 'కారణం' అన్న చోట మహిమ వచ్చి కూర్చుంది. దానం గురించి అబద్ధం రాస్తే చుట్టుపక్కల గ్రామాలవారు, అధికారులు, పన్ను కట్టే రైతులు కాదనగలరు. మహిమ గురించి రాసినదాన్ని కాదనగలిగిన పక్షం అప్పటికే ఓడిన పక్షం. అందువల్ల ఒకే రాతి మీద, ఒకే లిపిలో పక్కపక్కనే ఉన్న రెండు వాక్యాలకు సాక్ష్యబలం వేరు.

5. శాసనమూ పురాణమూ ఇద్దరు సాక్షులా?

శాసనంలోని కథా, సోమనాథుని కథా కలుస్తున్నాయి కాబట్టి ఒకదానికొకటి బలమన్న వాదం వినిపించవచ్చు. ఇద్దరు సాక్షులు ఏకవాక్యంగా చెబితే బలం పెరిగే మాట నిజమే. అయితే వారు ఒకరి నుండి ఒకరు వినకుండా, ఇద్దరూ ఒకే మూలం నుండి వినకుండా ఉండాలి. సోమనాథుని కాలం గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. పదమూడో శతాబ్ది పూర్వార్ధమనేవారూ, రెండో ప్రతాపరుద్రుని కాలమనేవారూ ఉన్నారు. ఏ పక్షం తీసుకున్నా అతను సంఘటనకు సమకాలికుడు కాడు. పురాతన భక్తుల గీతాలే తన కావ్యానికి మాతృక అని అతనే చెప్పుకున్నాడు. ఈ నిజాయితీని మనం గౌరవించాలి. సోమనాథుడు తాను చూశానని ఎక్కడా అనలేదు. భక్తులు పాడుకున్నది తాను ద్విపదలో కూర్చానన్నాడు. అబ్బలూరు ఆలయం కథ, భక్తుల నోళ్లలో తిరిగిన కథ ఒకే సంప్రదాయపు పాయలు. ఆలయంలోని శిల్పం కూడా మూడో సాక్షి కాదు. అది ఆ ఇంటివారే పలికిన మరో మాట.

రెండు కథనాలు కలిసేచోటుకంటే విడిపోయేచోటే చరిత్రకు ఎక్కువ చెబుతుంది. శాసనంలో బసవేశ్వరుని పేరు లేదు. ఈ లోపాన్ని ఆధారంగా చేసుకొని శైవ పునరుజ్జీవనానికి అసలు నాయకుడు రామయ్యేనని ఫ్లీట్ ఊహించాడు. తరువాత వెలుగులోకి వచ్చిన 1260 నాటి అర్జునవాడ శాసనం బసవన్నను ప్రస్తావించడంతో ఆ ఊహకు పట్టు సడలింది. ఒక శాసనం మౌనం నుండి పెద్ద నిర్ణయాలు చేయడంలోని ప్రమాదానికి ఇది మంచి ఉదాహరణ. బసవపురాణంలో మాత్రం రామయ్య కథ బసవేశ్వరుని చరిత్రలో ఒదిగిపోయింది. స్థానిక ఆలయ స్థాపకుడు ఒక మహోద్యమ పరివారంలో ఒకడయ్యాడు.

బిజ్జలుని చిత్రణలో తేడా ఇంకా పెద్దది. శాసనంలో అతను నవ్వుతూ తగవు తీర్చి, శివాలయానికి గ్రామం ఇచ్చిన రాజు. బసవపురాణంలో అతను అల్లయ్య, మధువయ్యల కళ్లు తీయించి, చివరకు జగదేవుని చేతిలో హతుడైన శివద్రోహి. ఇద్దరు బిజ్జలులలో ఎవరు నిజమన్నది వేరే విచారణ. ఇక్కడ గమనించవలసినది ఇది: రాజు ఎలాంటివాడన్న విషయంలో ఇంత దూరం జరిగిన సంప్రదాయం, తల తిరిగి అతుక్కున్న విషయంలో మాత్రం చెక్కుచెదరలేదు. మహిమ నిలకడకు కారణం అది అందరూ చూసినది కావడం కాదు. కథకు అది ఆయువుపట్టు కావడం. మిగిలినవి మారినా కథ ఉంటుంది, అది మారితే కథే లేదు. కాబట్టి కథనాల నిలకడను సత్యానికి గుర్తుగా తీసుకునేటప్పుడు, ఆ నిలకడ జ్ఞాపకం వల్ల వచ్చిందా, కథా నిర్మాణం వల్ల వచ్చిందా అని అడగవలసి ఉంటుంది.

6. బాధక ప్రమాణం ఆ సమాజం లోపలిదే

తెగిన తల అతకదన్న జ్ఞానం ఆధునిక వైద్యం మనకిచ్చినదని, దాన్ని మధ్యయుగం మీద రుద్దుతున్నామని కొందరనవచ్చు. ఈ ఆక్షేపణకు సమాధానం తెలుగు నేల మీది శాసనాలే ఇస్తాయి. శిరసును అర్పించడం దక్షిణాదిలో కేవలం కవికల్పన కాదు. ఉమ్మడి నెల్లూరు జిల్లా మల్లాంలోని కంపవర్మ కాలపు తమిళ శాసనం, ఒక భక్తుడు దేహంలో తొమ్మిది చోట్ల మాంసం కోసి, చివరకు తల కోసి భటారికి అర్పించిన సంగతిని చెప్పి, ఆ సందర్భంగా ఇచ్చిన భూమిని నమోదు చేసింది. శ్రీశైలంలో అనవేమారెడ్డి శ.సం. 1299లో (క్రీ.శ. 1377-78) కట్టించిన వీరశిరోమండపం శాసనం, అక్కడ వీరులు తలలు, నాలుకలు కోసి శివునికి అర్పించడాన్ని వర్ణించి, వారు వెంటనే దివ్యదేహాలు పొందుతారని కీర్తించింది.

ఈ రెంటినీ అబ్బలూరు పక్కన పెట్టి చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, శిరసును అర్పించే ఆచారాన్ని ఎరిగిన సమాజాలలో ఈ కథలు పుట్టాయి. రామయ్య సవాలును విన్నవారికి అది అర్థంలేని గొప్పగా తోచి ఉండదు. నిజంగా అంతపని చేసేవారు ఉన్న లోకం అది. రెండు, ఆ ఆచారాన్ని భక్తితో కీర్తించిన శాసనాలు కూడా తెగిన తల తిరిగి అతుక్కుందని చెప్పలేదు. మల్లాంలో మిగిలింది స్మారక దానం. శ్రీశైలంలో ఫలం పరలోకానిది, అంటే ఏ సాక్షీ చూడనక్కరలేనిది. భక్తుల సమాజానికే తెగిన తల తెగినట్లే ఉంటుందని తెలుసు. కాకపోతే రామయ్య పందెం పందెమే కాదు. అందరికీ తెలిసిన ఈ నియమమే మీమాంసకులు చెప్పిన బాధక జ్ఞానం. అర్థసంబంధి అన్న ఆక్షేపణ కారణదోషం. రెండూ ఒకేసారి వర్తించినప్పుడు ఆ మాట ప్రమాణంగా నిలవదు. ఇందుకు హ్యూమ్ దాకా పోనక్కరలేదు.

'దైవ విషయాన్ని లౌకిక ప్రమాణాలతో తూచవచ్చునా?' అన్న ప్రశ్న మిగులుతుంది. ఈ సందర్భంలో తూకానికి పెట్టింది మనం కాదు. పందెం, పత్రం, మొర, రాజసభ, జయపత్రం అంటూ మహిమను వ్యవహారశాస్త్ర పరిభాషలో నిలబెట్టింది శాసనమే. పరలోక ఫలాన్ని చెప్పిన శ్రీశైల శాసనాన్ని ఇలా విచారించడం అనుచితం కావచ్చు. భూమి మీద హక్కును స్థాపించడానికి మహిమను సాక్ష్యంగా చూపిన శాసనాన్ని విచారించకపోవడమే అనుచితం.

7. తూచిన తర్వాత మిగిలేది

మహిమ నిలవదన్నంత మాత్రాన శాసనం అబద్ధమని తీసివేయడం అంతకంటే పెద్ద పొరపాటు. ఆ తీసివేతలో నిజంగా జరిగినవి కూడా కొట్టుకుపోతాయి. గ్రామాలు ఆలయానికి అందాయి. అబ్బలూరు బ్రహ్మేశ్వరాలయం అంతకుముందే ఉన్న సంగతి ఆ ఊరి ఇతర శాసనాల వల్ల రుజువవుతోంది. ఊళ్లో శైవులకూ జైనులకూ తగవు నడిచింది. అది రాజు దాకా వెళ్లింది. అన్నింటికంటే ముఖ్యంగా, ఒక జినబింబం పడిపోయింది.

ఈ చివరి వాక్యం మీద కొంచెం నిలవాలి. శాసనంలో దీనికున్న సాక్ష్యబలం వేరే రకమైనది. బింబాన్ని పడగొట్టింది తమ పక్షమేనని రామయ్య పక్షంవారే చెప్పారు. బాధితులు రాజు దగ్గరకు వెళ్లి మొరపెట్టుకున్నారనీ వారే చెప్పారు. తన చర్యను తాను ఒప్పుకోవడం, ఎదుటివాని ఫిర్యాదును నమోదు చేయడం సాక్ష్యశాస్త్రంలో బరువైనవి. మహిమ నిజమైతే ఆ చర్య పందెం చెల్లింపు. మహిమను పక్కన పెడితే అది విధ్వంసం. అందుకే కథకు మహిమ అవసరమైంది. తల తెగి అతుక్కున్న ఘట్టాన్ని 'భక్తి పారవశ్యానికి ప్రతీక' అని వ్యాఖ్యానించి ముందుకు వెళ్లే సాహిత్య విమర్శ తెలియకుండానే ఆ బింబం సంగతిని కూడా ప్రతీకల్లో కలిపేస్తుంది. మహిమకు ఇచ్చిన కావ్యగౌరవం కింద ఒక ఊరి జైనుల నష్టం కనబడకుండా పోతుంది.

మూడు శతాబ్దాల తరువాతి శ్రీశైల శాసనం (1512) ఒక వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరకడాన్ని అతని ఘనతగా చెప్పింది. అక్కడ తెగినవి పరుల తలలు, ఏ మహిమా అవసరపడలేదు. అబ్బలూరులో ఇంకా సమర్థన కావాలి, పందెం కావాలి, పత్రం కావాలి, రాజు అంగీకారం కావాలి. ఈ భేదాన్ని గుర్తించగలిగితే మహిమ కథ మనకు మరో సంగతి చెబుతుంది: పన్నెండో శతాబ్దిలో బింబాన్ని పడగొట్టినవాడు కూడా తన పని న్యాయమని నిరూపించుకోవలసి వచ్చింది. ఆ సమాజంలో ఎదుటి మతానికి కొంత న్యాయస్థానం ఉండేదనడానికి ఇది పరోక్ష సాక్ష్యం.

ఇక్కడ ఒక హద్దును గుర్తుంచుకోవాలి. జైనుల మాట ఈ శాసనంలో ప్రత్యర్థి నోటి నుండే మనకు వినిపిస్తోంది. ఒక పక్షం రాతను బట్టి ఒక మతం మొత్తం మీద తీర్పు చెప్పడం, లేదా ఆ తగవును నేటి తగవులకు తెచ్చి అతికించడం, ఇంతవరకు మనం పాటించిన ప్రమాణాలకే విరుద్ధం. శివభక్తుల మధ్య కులభేదాన్ని ధిక్కరించిన ఉద్యమమూ, పరమతం పట్ల కఠినంగా నిలిచిన ఉద్యమమూ ఒకటే. సోమనాథుని ద్విపదలో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని చూపి రెండోదాన్ని దాచనక్కరలేదు.

8. ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. శాసనం ప్రాచీనతను, సామీప్యాన్ని దానిలోని ప్రతి వాక్యానికీ సమానంగా పంచరాదు. దానాన్ని చెప్పే వాక్యానికి ఉన్న బలం దాన కారణంగా చెప్పిన మహిమకు ఉండదు. రెండవది, ఒకే సంప్రదాయం నుండి వచ్చిన శాసనం, పురాణం, శిల్పం మూడు సాక్ష్యాలు కావు. అవి కలిసేచోటు కథ బలాన్ని, విడిపోయేచోటు చరిత్ర జాడను చూపుతాయి. మూడవది, మహిమను తూచడానికి పరాయి గజం తెచ్చుకోవలసిన అవసరం లేదు. విజ్ఞానేశ్వరుడు వ్యాఖ్యానించినవీ, కేతన తెలుగులో చెప్పినవీ అయిన ప్రమాణాలు అందుకు చాలు.

'శాసనాధారం ఉంది' అన్న వాక్యాన్ని ఇకమీదట మన సాహిత్య చరిత్రలలో రాసేటప్పుడు దేనికి ఆధారం ఉందో కూడా రాయడం మంచిది. ఏకాంత రామయ్య విషయంలో ఆ వాక్యం ఇలా పూర్తవుతుంది: రామయ్య అనే శైవాచార్యుడు ఉన్నాడనడానికి, అబ్బలూరులో జినబింబం పడిందనడానికి, ఆలయానికి గ్రామాలు దక్కాయనడానికి, అతని జీవితకాలంలోనే తల తిరిగి వచ్చిందన్న కథ ప్రచారంలో ఉందనడానికి శాసనాధారం ఉంది, తల తిరిగి వచ్చిందనడానికి లేదు.